కలివికోడి అల్గారిదం రాయడం ఎలా?

సీమ పరిశోధక విద్యార్థులకు కొన్ని చిట్కాలు

కర్నూలులోనో కడపలోనో ఎంటెక్, పీహెచ్‌డీ అని చేరి, గైడు గారు ‘మొబైల్ నెట్‌వర్కుల్లో లొకేషన్ మేనేజ్‌మెంట్’ అని టాపిక్ చేతిలో పెట్టి వెళ్ళిపోతే దిక్కులు చూస్తున్న పిల్లలందరికీ ఈ చిట్కాలు. భయపడొద్దు. ఈ రంగంలో పేపరు రాయడానికి మొబైల్ గురించి తెలియనక్కర్లేదు, నెట్‌వర్క్ గురించి తెలియనక్కర్లేదు, ఆ మాటకొస్తే లొకేషన్ గురించి కూడా తెలియనక్కర్లేదు. ఒక జంతువు తెలిస్తే చాలు.

అయినా ఇంట్రడక్షన్‌లో రాయాలి కాబట్టి సమస్యేమిటో విను. మైదుకూరు నుంచి అమ్మ నంద్యాలలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసి “యాడుండావురా?” అని అడుగుతుంది. ఆమె ఆ మాట అడిగేలోపే నెట్‌వర్క్ అదే ప్రశ్న అడిగి, జవాబు కూడా రాబట్టి ఉంటుంది. ఎలాగంటే, టవర్ సిగ్నల్ అందే ఒక్కో ముక్కను సెల్ అంటారు. ఈ సెల్స్‌ను గుంపులుగా కడతారు. ఒక్కో గుంపు ఒక లొకేషన్ ఏరియా. 4జీ వచ్చాక దాన్నే ట్రాకింగ్ ఏరియా అంటున్నారు. ఆ గుంపు లోపల ఎంత తిరిగినా ఫోన్ నోరెత్తదు. హద్దు దాటినప్పుడు మాత్రం “ఇటొచ్చినా” అని కబురు పెడుతుంది. అది లొకేషన్ అప్‌డేట్. కాల్ వచ్చినప్పుడు ఆ గుంపులోని టవర్లన్నీ ఒక్కసారిగా ఆ ఫోన్‌ను పిలుస్తాయి. అది పేజింగ్. గుంపు పెద్దదైతే పిలుపులు ఎక్కువ, చిన్నదైతే కబుర్లు ఎక్కువ. రెండు ఖర్చులూ కలిపి తగ్గాలంటే హద్దులు ఎక్కడ గీయాలన్నదే ప్రశ్న.

1993లో బార్-నాయ్, కెస్లర్ అనే ఇద్దరు దీనికి ఇంకో దారి చెప్పారు. కొన్ని సెల్స్‌ను ఎంచి పెట్టుకుని, వాటిలో అడుగు పెట్టినప్పుడే ఫోన్ కబురు చెప్పేలా చేయొచ్చన్నారు. వీటికి రిపోర్టింగ్ సెల్స్ అని పేరు పడింది. ఏయే సెల్స్‌ను ఎంచాలన్నది, నెట్‌వర్క్ ఆకారం ఎలాగైనా ఉండొచ్చు అనుకుంటే, ఎన్‌పీ-కంప్లీట్ సమస్య అని కూడా నిరూపించారు. అంటే, కచ్చితమైన సమాధానాన్ని ఎప్పుడూ త్వరగా పట్టే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆ ఒక్క మాట మీద ఎంతమంది బతుకుతున్నారో చెప్పలేం. నువ్వూ బతుకు.

1. ముందు జంతువును పట్టు, సమస్యను తర్వాత చూసుకోవచ్చు

ఇలాంటి చిక్కు సమస్యలకు మేలైన సమాధానం వెతకడానికి ప్రకృతిని అనుకరించే అల్గారిదాలు వాడతారు. ఆలస్యం చేస్తే జంతువులు అయిపోతాయి. 1975లో జాన్ హాలండ్ జన్యువులు తీసుకున్నాడు. 1992లో మార్కో డోరిగో మిలాన్‌లో తన పీహెచ్‌డీకి చీమల్ని తీసుకున్నాడు. 1995లో కెనడీ, ఎబర్‌హార్ట్ పక్షుల గుంపును, 2005లో కరబోగా తేనెటీగల్ని పట్టారు. 2008లో షిన్-షి యాంగ్ మిణుగురుల్ని పట్టి, మరుసటి ఏడాది సువాష్ దేబ్‌తో కలిసి కోకిలను, 2010లో గబ్బిలాన్ని కూడా కైవసం చేసుకున్నాడు. 2014లో తోడేలు, 2016లో తిమింగలం మిర్జలీలీ ఖాతాలో పడ్డాయి. పిల్లి, సింహం, మిడత, తూనీగ కూడా చేజారిపోయాయి.

అదృష్టం కొద్దీ మన సీమలో ఇంకా సరుకుంది. రోళ్ళపాడుకు పేరు తెచ్చిన బట్టమేక పిట్ట ఉంది, లంకమల చిట్టడవిలో కలివికోడి ఉంది. నా మాట విని కలివికోడినే పట్టు. లోకంలో ఇంకెక్కడా లేని పక్షి, రివ్యూయర్ ఎప్పుడూ విని ఉండడు.

తర్వాతి పని ఒక మధ్యాహ్నానిది. పక్షుల గుంపు ఫార్ములా తెచ్చుకో. అందులో ‘వేగం’ అన్నచోట ‘పరుగు’ అని రాయి. ‘ఇప్పటికి దొరికిన మేలైన స్థానం’ అన్నచోట ‘చెదల పుట్ట’ అని రాయి. కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి కాబట్టి చీకటి తగ్గడం పెరగడం చూపడానికి ఒక సైన్ ఫంక్షన్ తగిలించు. అది లెక్కను మార్చకపోయినా ఫర్వాలేదు, పేజీని నింపుతుంది. చివర్లో ఒక ఫ్లోచార్టు, దాని పక్కన పక్షి బొమ్మ పెట్టు.

2. పక్షి పేరు వాడుకో, పక్షి జోలికి పోవద్దు

ఇది చాలా ముఖ్యం. 1900 తర్వాత జాడ తెలియక, ఇక లేదనుకున్న కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా సిద్దవటం ప్రాంతంలో రెడ్డిపల్లె దగ్గర మళ్ళీ దొరికింది. వెతుకుతున్నది బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ అయినా, బతికున్న పక్షిని చేతికిచ్చింది ఊరివాడే. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది ఈ పక్షి కోసమే.

దొరికాక కూడా అది ఎక్కడెక్కడ తిరుగుతుందో కనిపెట్టడం కష్టమైంది. రాత్రి పక్షి, మనిషి అలికిడైతే కదలదు. అందుకని పరిశోధకులు పొదల మధ్య నేలను చదును చేసి, మెత్తటి మన్ను పట్టీలుగా పరిచారు. పొద్దున్నే వెళ్ళి ఆ మన్ను మీద అడుగుజాడలు పడ్డాయా అని చూసేవారు. దాటిన పక్షిని ఫొటో తీసేలా కెమెరాలు అమర్చారు. రికార్డు చేసిన కూతను సందెవేళ వినిపించి, ఏ పొద నుంచి జవాబొస్తుందా అని చెవులు రిక్కించారు. ఎత్తయిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్న చోటును ఈ పక్షి ఎక్కువగా ఇష్టపడుతుందని ఆ అడుగుజాడల వల్లే తేలింది.

కాస్త తీరిగ్గా ఆలోచిస్తే నీకు చిక్కొస్తుంది. మన్ను పట్టీ అంటే రిపోర్టింగ్ సెల్. వినిపించిన కూత అంటే పేజింగ్. పట్టీలు ఎన్ని వెయ్యాలి, కూత ఎంత మేర వినిపించాలి అన్న బేరం అచ్చంగా నీ టాపిక్కే. ప్రకృతి నుంచి నేర్చుకోవడం అంటే ఇదే కదా అనిపిస్తుంది. అలా అనిపించగానే డేటా సేకరించాలనిపిస్తుంది. డేటా సేకరించాలంటే చెప్పులు వేసుకుని బయటికి పోవాలి. వద్దు నాయనా. గూగుల్లో పక్షి బొమ్మ ఉంది కదా.

3. జిల్లాను నాలుగు గళ్ళు నిలువు, నాలుగు గళ్ళు అడ్డం చెయ్

2003లో సుబ్రతా, జొమాయా అనే ఇద్దరు జెనెటిక్ అల్గారిదాన్ని, టాబూ సెర్చ్‌ను, చీమల్ని రిపోర్టింగ్ సెల్స్ మీద పోటీ పెట్టి చూశారు. వాళ్ళు తీసుకున్న నెట్‌వర్కులు 4×4, 6×6, 8×8 గళ్ళవి. అప్పటి నుంచి ఈ గళ్ళు ఒక తరం నుంచి ఇంకో తరానికి ఆస్తిలాగా సంక్రమిస్తున్నాయి. నువ్వు కూడా వాటినే వాడు. 4×4 తో మొదలుపెట్టి “కలివికోడి ప్రతిసారీ అత్యుత్తమ సమాధానాన్నే పట్టింది” అని ముదురక్షరాల్లో రాయి.

ఒక్కటి మాత్రం దాచిపెట్టు. 16 సెల్స్‌లో ఒక్కోటి రిపోర్టింగ్ సెల్ అవుతుందో కాదో అన్నవి మొత్తం 65,536 అమరికలే. మామూలు ల్యాప్‌టాప్ వాటన్నిటినీ వరసపెట్టి లెక్కగట్టి, రెప్పపాటులో మేలైనది చెప్పేస్తుంది. కోడీ అక్కర్లేదు, గుడ్డూ అక్కర్లేదు. 6×6 అయితే అమరికలు 6,871 కోట్లు దాటతాయి, 8×8 అయితే రెండును 64 సార్లు గుణించినంత. అక్కడే నీ పక్షికి నిజమైన పని. కానీ అక్కడ నీకు సరైన సమాధానం తెలియదు, కోడి పట్టింది సరైనదో కాదో ఎవరూ చెప్పలేరు. కాబట్టి ‘అత్యుత్తమం’ అన్న మాట 4×4 దగ్గరే వాడి, బొమ్మ మాత్రం 8×8ది వెయ్.

4. రోడ్డును మరిచిపో

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా కడపకు పోయే 40వ నంబరు జాతీయ రహదారి ఉంది. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, నడుమ కుందేరు లోయ. ఊర్లు, కె.సి. కెనాల్ పారుదల, బస్సులు, జనం అన్నీ ఆ లోయను పట్టుకునే ఉంటాయి. ఫోన్లు కూడా అటే పోతాయి, ఇటే వస్తాయి. నల్లమల ఎక్కి అవతల దిగే ఫోన్లు ఎన్నుంటాయి? అంటే ఇక్కడి కదలికల పటం గళ్ళ పలకలా కాకుండా పొడుగాటి దారంలా ఉంటుంది.

దారం మీద లెక్క వేస్తే నీ కొంప మునుగుతుంది. సెల్స్ ఒకే వరసలో ఉన్నప్పుడు ఒక్కో రిపోర్టింగ్ సెల్ ఖర్చు దానికి ముందున్న రిపోర్టింగ్ సెల్ ఎక్కడ, తర్వాతది ఎక్కడ అన్న రెండు విషయాల మీదే ఆధారపడుతుంది. ఒక చివర నుంచి లెక్కగట్టుకుంటూ పోతే డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో కచ్చితమైన సమాధానం వచ్చేస్తుంది. వంద సెల్స్ ఉన్నా కొన్ని లక్షల మెట్లలో పని అయిపోతుంది. ఎన్‌పీ-కంప్లీట్ అన్నది ఏ ఆకారానికైనా చెప్పిన మాట, కుందేరు లోయకు చెప్పిన మాట కాదు. ఈ సంగతి బయటికొస్తే కలివికోడికి బిచ్చం కూడా పుట్టదు. అందుకని పటంలో నుంచి రోడ్డు తీసేయ్, కొండలు తీసేయ్. ప్రతి సెల్‌కూ నాలుగు వైపులా సమానంగా జనం పోతారని రాసెయ్.

5. జనం కదలరు అనుకో, కదిలినా ఒకేలా కదులుతారు అనుకో

ఒక్కో సెల్‌కు కాల్స్ ఎన్ని, రాకపోకలు ఎన్ని అని ఒక పట్టిక తీసుకుని, ఏడాదంతా అదే నిజమని నమ్ము. కోసిగి, మంత్రాలయం, ఆదోని పక్క పల్లెల్లో ఖరీఫ్ అయ్యాక సుగ్గికి గుంటూరు వైపు మిరప, పత్తి కోతలకు ఊర్లకు ఊర్లే తరలిపోతాయని నీకు తెలుసు. తాళాలు పడ్డ ఇళ్ళూ, ముసలోళ్ళూ మిగిలి, ఫోన్లన్నీ పల్నాడు టవర్ల కింద మెలుకువగా ఉంటాయి. ఉగాదికి ముందు కన్నడ భక్తులు కర్నాటక సిమ్ములతో కర్నూలు దాటి, ఆత్మకూరు మీదుగా నల్లమల ఎక్కి శ్రీశైలం నడిచిపోతారు. ఆ అడవిలో సిగ్నల్ పోయి, అవతల మళ్ళీ దొరికినప్పుడు వేల ఫోన్లు ఒకదాని వెంట ఒకటి కబురు పెట్టుకుంటాయి. ఒంటిమిట్టలో పున్నమి వెన్నెల్లో రాములవారి కల్యాణం జరిగే రాత్రి, రోజూ నిద్రపోయే సెల్స్‌కు కన్ను మూతపడదు.

ఇవన్నీ పేపర్లో పెడితే ఒకే హద్దు ఏడాది పొడుగునా పనికిరాదని ఒప్పుకోవలసి వస్తుంది. సుగ్గి కాలానికో హద్దు, తిరునాళ్ళకో హద్దు కావాలేమో అన్న మంచి ప్రశ్న పుడుతుంది. మంచి ప్రశ్న పుడితే కొత్త పని మీద పడుతుంది. పట్టిక మార్చొద్దు.

6. పది అన్న అంకెను దేవుడిలా చూడు

ఒక లొకేషన్ అప్‌డేట్ ఖర్చు ఒక పేజింగ్ ఖర్చుకు పది రెట్లు. ఈ పది ఎక్కడిది అని అడగొద్దు. ముందువాళ్ళు వాడారు, నువ్వూ వాడు. ఐదు పెట్టినా, ఇరవై పెట్టినా సమాధానం ఎంత మారుతుందో ఒక చిన్న పట్టిక వేయొచ్చు. కానీ ఆ పట్టిక వేస్తే పక్షి కంటే ఆ అంకే ఎక్కువ పని చేస్తోందని తేలినా తేలొచ్చు.

4జీ గురించి అసలే చదవొద్దు. 4జీలో నెట్‌వర్క్ ఒక్కో ఫోన్‌కూ విడిగా 16 దాకా ట్రాకింగ్ ఏరియాల జాబితా ఇవ్వగలదు. హద్దు మీద ఇల్లున్న మనిషి ఫోన్ అటూ ఇటూ ఊగుతూ కబుర్లు పెట్టకుండా రెండు పక్కలూ ఒకే జాబితాలో పడేస్తుంది. పైగా కదలకపోయినా అప్పుడప్పుడు “ఉన్నా” అని చెప్పడానికి ఒక టైమర్ ఉంటుంది, ప్రామాణికంలో దాని మామూలు విలువ 54 నిమిషాలు. పిలవడం కూడా ముందు చివరిసారి కనబడిన టవర్ దగ్గర మొదలుపెట్టి, దొరక్కపోతేనే అంతటా పిలిచే పద్ధతులున్నాయి. ఇవన్నీ తెలిస్తే నీ మోడల్ ఇంకా 2జీ కాలంలోనే ఉందని అర్థమవుతుంది. చేతిలో 5జీ ఫోన్ పెట్టుకుని 2జీ పేపర్ రాయడంలో తప్పేముంది?

7. ముప్పై సార్లు నడిపి, ఒక్కసారిది చెప్పు

ఈ అల్గారిదాలన్నీ పాచికలు వేసి నడిచేవే. ఒక్కోసారి ఒక్కో సమాధానం వస్తుంది. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాల వేటకు జనం దిగడం చూసే ఉంటావు. ఎర్రటి ఎండలో తలమీద గుడ్డ వేసుకుని, నేల మీదికి వంగి గులకరాళ్ళు తిప్పి తిప్పి చూస్తారు. ఒకరికి రాయి దొరికితే పేపర్లో పడుతుంది. చేతులు ఖాళీగా బస్సెక్కిన వాళ్ళ గురించి ఎవరూ రాయరు. నీ పేపరూ ఆ పేపరులాగే ఉండాలి. ముప్పైసార్లు నడుపు, దొరికిన వజ్రం ఒక్కటి పట్టికలో పెట్టు. సగటు, చెదురుబాటు, విల్కాక్సన్ పరీక్ష అని పాఠకుణ్ణి విసిగించకు.

పోటీకి తెచ్చే అల్గారిదాన్ని కూడా చూసి ఎంచుకో. నీ కోడికి పరామితులన్నీ వారం రోజులు కూర్చుని సరిచేయి. ఎదుటి జెనెటిక్ అల్గారిదానికి మాత్రం డబ్బాలో వచ్చిన అంకెలే వదిలెయ్. పరీక్షకు పెట్టే ఫంక్షన్లు కూడా గోళం, రాస్ట్రిగిన్, గ్రీవాంక్ లాంటివైతే మేలు. వాటన్నిటి సమాధానమూ సున్నా దగ్గరే ఉంటుంది. తోడేలు అల్గారిదానికి సున్నా వైపే మొగ్గు ఉందనీ, సమాధానాన్ని కాస్త పక్కకు జరిపితే తోడేలు తడబడుతుందనీ 2019లోనే కొందరు చూపించారు. నువ్వు జరపకు.

8. విమర్శలు చదివి మనసు పాడుచేసుకోకు

2015లో కెన్నెత్ సోరెన్‌సెన్ ఈ రూపకాల గోలను ఏకిపారేస్తూ ఒక వ్యాసం రాశాడు. కొత్త జంతువు పేరు తప్ప కొత్త ఆలోచన లేని అల్గారిదాలు శాస్త్రాన్ని ముందుకు కాదు, వెనక్కి తీసుకుపోతాయన్నాడు. 2020లో తోడేలు, మిణుగురు, గబ్బిలం మూడింటినీ విప్పి చూసి, వాటిలో కొత్తదనం ఏమీ లేదని ఇంకో పేపర్ వచ్చింది. రాసినవారిలో ఒకరు మార్కో డోరిగో. అంటే చీమల పెద్దాయనే! అంతకుముందు 1997లో వోల్పర్ట్, మెక్‌రెడీ సమస్యలన్నిటి మీదా సగటు తీస్తే ఏ వెతుకులాట పద్ధతీ ఇంకోదాని కంటే మెరుగు కాదని నిరూపించి కూర్చున్నారు. ఫలానా సమస్య స్వభావం తెలుసుకుని వాడితేనే లాభమని దాని సారాంశం. స్వభావం తెలుసుకోవాలంటే మళ్ళీ రెండో చిట్కాలో చెప్పిన చెప్పుల గొడవే.

ఇక కాపీ భయమా? యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పది శాతం దాకా పోలిక ఉన్నా శిక్ష లేదు. అది దాటుతుందనిపిస్తే మాటలు మార్చే సాఫ్ట్‌వేర్‌కు ఇవ్వు. కాకపోతే ఆ యంత్రాలు ‘చీమల కాలనీ’ని కూడా ‘భూగర్భ పురుగుల రాజ్యం’ లాంటిదేదో చేసి వదులుతాయి. ఇలాంటి చిత్రవధకు గురైన మాటలను ఏరి పేపర్లను పట్టేవాళ్ళు 2021 నుంచి తిరుగుతున్నారు, జాగ్రత్త.

9. వైవాలో అన్నిటికీ ఒకటే జవాబు

ఎక్స్‌టర్నల్ అడుగుతాడు: “నిజమైన రోడ్లు తీసుకున్నావా?”

“ఫ్యూచర్ స్కోప్‌లో పెట్టినాను సార్.”

“నిజమైన కాల్ రికార్డులు?”

“అదీ ఫ్యూచర్ స్కోప్ సార్.”

“65,536 అమరికలే కదా, అన్నీ లెక్కగట్టి చూడకపోయావా?”

దీనికి మాత్రం తల వంచుకుని నిలబడు. ఆయన ఇంకో కాలేజీకి పోవాల్సిన బస్సు ఉంటుంది, వదిలేస్తాడు.

10. చివరిగా, ఈ పని మాత్రం చేయొద్దు

ఫోన్‌లో సెల్ సమాచారం చూపించే యాప్ ఒకటి వేసుకోవద్దు. పొద్దున్నే కర్నూలు బస్టాండులో కడప బస్సెక్కి కిటికీ పక్క సీటు పట్టొద్దు. యాప్‌లో టీఏసీ (ట్రాకింగ్ ఏరియా కోడ్) అన్నచోట ఉండే అంకె ఎక్కడ మారిందో, ఏ ఊరి బస్టాండు నడిబొడ్డున మారిందో, మారి మళ్ళీ వెనక్కి ఎన్నిసార్లు ఊగిందో టికెట్ వెనక రాసుకోవద్దు. పక్క సీటాయన “ఏం రాస్తాండావప్పా?” అని అడిగితే టవర్ల హద్దులు అని చెప్పొద్దు. చెబితే సుగ్గి నెలల్లో తన ఊర్లో ఫోన్ దొరకని చోటేదో, తిరునాళ్ళ రోజు కాల్ పోని చోటేదో ఆయన వరసపెట్టి చెబుతాడు. అవన్నీ రాసుకుంటే కాగితాలు చాలవు.

ఆ అంకెల్ని ఇంటికి తెచ్చి, దారం మీద డైనమిక్ ప్రోగ్రామింగ్ వేసి, హద్దు ఎక్కడికి జరిపితే ఎంత తగ్గుతుందో చూడొద్దు. కర్నూలు నగరంలోలాగా దారం కాని చోట, సెల్స్ వందల్లో అల్లుకుపోయిన చోట, అప్పుడు మాత్రం జెనెటిక్ అల్గారిదాన్నో చీమల్నో నిజంగానే పనికి పెట్టి, వాటిని మంచి పోటీదారుతో సరిపోల్చి, ముప్పై ఫలితాలూ పట్టికలో వేయొద్దు.

ఎందుకంటే ఇంత చేస్తే వచ్చేది పది పేజీల చప్పటి నివేదిక. ‘నంద్యాల–కడప మార్గంలో ట్రాకింగ్ ఏరియా హద్దుల పరిశీలన’ అని దాని పేరు. అందులో పక్షి ఉండదు, ఫ్లోచార్టు ఉండదు, రివ్యూయర్ ఆశ్చర్యపోవడం ఉండదు. చదివితే గిదితే నెట్‌వర్క్ నడిపే ఇంజనీర్లు చదువుతారు. వాళ్ళు నీకు సైటేషన్లు ఇచ్చే రకం కాదు. మహా అయితే హద్దు జరుపుతారు.